చూడని సినిమాకి కట్టే డబ్బు: ఓటీటీ చందా పుట్టిన కథ

1951 జనవరి 1న షికాగోలో 300 కుటుంబాలకు ఇంట్లో కూర్చుని హాలీవుడ్ సినిమా చూసే అవకాశం దొరికింది. ఆ అవకాశం ఇచ్చింది జెనిత్ అనే రేడియో, టీవీల కంపెనీ. ఏర్పాటు పేరు ఫోన్‌విజన్. టీవీ పెడితే తెర మీద బొమ్మ అడ్డదిడ్డంగా చెదిరిపోయి వచ్చేది. ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఫలానా సినిమా కావాలంటే, ఆ బొమ్మను కుదురుగా నిలబెట్టే సంకేతం టెలిఫోన్ తీగ మీదుగా ఇంటికి చేరేది. సినిమాకి ఒక డాలరు. 90 రోజుల పాటు ఈ ప్రయోగం నడిచింది. స్టూడియోలు కొత్త సినిమాలు ఇవ్వడానికి ససేమిరా అన్నాయి, కనీసం రెండేళ్లు పాతబడినవే ఇచ్చాయి. అయినా జనం ఫోన్లు చేశారు, డాలర్లు కట్టారు.

1953 నవంబరులో కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ అనే ఎడారి ఊళ్లో టెలిమీటర్ అనే మరో కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. టీవీకి ఒక డబ్బా తగిలించి, అందులో చిల్లర వేస్తేనే సినిమా కనపడేటట్టు చేసింది. ఊళ్లో థియేటర్లో ఆడుతున్న ‘ఫరెవర్ ఫీమేల్’ను అదే రోజుల్లో 1.35 డాలర్లకు ఇంట్లో చూపించింది. థియేటర్ల వాళ్లకు కడుపు మండకుండా ఎలా ఉంటుంది? మరుసటేడే ఆ డబ్బాలు మూతపడ్డాయి.

ఇవాళ మన ఇళ్లలో ‘ఈ ఓటీటీలకి ఇంత డబ్బు అవసరమా’ అని వాదన నడుస్తోంది కదా, ఆ షికాగో ఇళ్లలోనూ పామ్ స్ప్రింగ్స్ ఇళ్లలోనూ ఆ వాదనకు చోటే లేదు. చూస్తే కట్టాలి, చూడకపోతే లేదు. లెక్క అక్కడితో సరి. చూడని సినిమాకి కూడా మనం డబ్బు కట్టడం ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలెట్టారు అన్నది తెలిస్తే, ఆ వాదన సగం తీరిపోతుంది.

ఆ మలుపుకు ముందు ఒక పెద్ద గొడవ జరిగింది. 1964లో ఎన్‌బీసీ అనే టీవీ సంస్థ మాజీ అధిపతి పాట్ వీవర్ (నటి సిగోర్నీ వీవర్ తండ్రి) లాస్ ఏంజెలెస్‌లో, శాన్ ఫ్రాన్సిస్కోలో డబ్బులు కట్టి చూసే టీవీ మొదలెట్టారు. థియేటర్ల యజమానులు ఏకమై, ఉచిత టీవీని కాపాడుకోవాలంటూ ప్రచారం చేసి, ఈ వ్యాపారాన్నే నిషేధించాలని కాలిఫోర్నియాలో ఓటింగ్ పెట్టించారు. నిషేధమే గెలిచింది, అదీ భారీ మెజారిటీతో. 1966లో కోర్టు దాన్ని కొట్టేసింది గానీ అప్పటికి కంపెనీ చేతులెత్తేసింది. టీవీకి డబ్బు కట్టడమా అని ఓటేసి మరీ తరిమేసిన జనమే, ఆ తరవాత నెలకి నాలుగైదు బిల్లులు కట్టే స్థితికి వచ్చారు.

వాళ్లను అక్కడికి చేర్చినవాడు చార్లెస్ డోలన్. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్‌లో కేబుల్ కంపెనీ నడుపుతూ నష్టాల్లో ఉన్నాడు. 1971లో కుటుంబంతో ఓడలో ఫ్రాన్స్ వెళుతూ, ప్రకటనలు లేకుండా సినిమాలూ ఆటలూ చూపించి నెలకింత వసూలు చేసే చానల్ గురించి ప్రతిపాదన రాసుకున్నాడు. అదే హెచ్‌బీఓ. 1972 నవంబరు 8న పెన్సిల్వేనియాలోని విల్క్స్-బారె అనే ఊళ్లో మొదలైంది. ఆ రాత్రి గాలివానకు సిగ్నల్ పట్టే యాంటెన్నా కూలితే ఆదరాబాదరాగా సరిచేసి, ముందు ఒక హాకీ మ్యాచ్, ఆపైన ఒక సినిమా వేశారు. మొదటి రోజు చందాదారులు 365 మంది.

డోలన్ కొత్త యంత్రమేమీ కనిపెట్టలేదు. ఎవరింట్లో ఏ సినిమా ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టే డబ్బాలు, చిల్లర ఏరుకునే మనుషులు, ఫోన్లెత్తే ఆపరేటర్లు అన్నీ ఖర్చే. నెలకింత అని ఒక్కసారి వసూలు చేసుకుంటే ఆ బాదరబందీ ఏదీ ఉండదు. నా దృష్టిలో ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఇదే. ఇంటర్నెట్టూ, పెద్ద తెరా, ఫోనూ దాని తరవాతే.

మన ఊళ్లలో నెలవారీ మెస్సులు నడిపేవాళ్లకు ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు. రెండుసార్లు మారు వడ్డించుకునే కుర్రాడి వల్ల కాదు, శనాదివారాలు ఊరెళ్లిపోయే కుర్రాడి వల్లే మెస్సుకు మిగిలేది. మనిషి ఎప్పుడూ తాను ఎక్కువే వాడుకుంటానని నమ్ముతాడు. 2006లో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు వ్యాయామశాలల లెక్కలు తీసి చూశారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టేవాళ్లు సగటున వెళ్లింది నెలకు నాలుగుసార్లు చిల్లర. అంటే వెళ్లిన ప్రతిసారికీ 17 డాలర్ల పైనే పడింది. పదిసార్ల పాసు కొనుక్కుని ఉంటే ఒక్కోసారికి 10 డాలర్లతో పోయేది. ఓటీటీకి కూడా ఇంతకన్నా మంచి అద్దం నాకు కనపడలేదు.

నెల చందా సరే, సినిమా తీగలోంచి ఎలా వచ్చిందనేది ఇంకో కథ. అది మనకు కాస్త దగ్గరి కథ కూడా.

మామూలు డీవీడీ నాణ్యత ఉన్న బొమ్మను ఏమీ కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 25 కోట్ల బిట్లు కావాలి. రెండున్నర గంటల సినిమాకి అది 280 జీబీ దాకా వెళుతుంది. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 జీబీ. మిగతాది ఏమైనట్టు? దానికి సమాధానం చెప్పినవాడు బెంగళూరులో 1940లో పుట్టిన నాసిర్ అహ్మద్. అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతుండగా, బొమ్మను గణితంతో కుదించే ఒక పద్ధతి తట్టింది. 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు నిధులు కావాలని రాశాడు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందనేమో, వాళ్లు కాదన్నారు. ఆయన మానలేదు. తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న టి. నటరాజన్, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసర్ అయిన కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించాడు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. అన్నట్టు, కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ పేరు విన్న తెలుగువాడి చెవి నిక్కబొడుచుకోకుండా ఉండదు.

వాళ్ల పద్ధతి వినడానికి నిజంగానే తేలిక. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోస్తారు, సాధారణంగా అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కల గడి. ఆ గడిలోని వెలుగు నీడలను కొన్ని అలల మొత్తంగా రాస్తారు. కొన్ని అలలు మోటువి, నింపాదిగా మారేవి. కొన్ని చాలా సన్నవి. మన కన్ను మోటు అలలను బాగా పట్టుకుంటుంది, సన్నవాటిని పెద్దగా పట్టించుకోదు. కాబట్టి సన్నవాటిని చాలామటుకు కోసిపారేస్తారు. ఆపైన ఒక ఫ్రేముకూ తరవాతి ఫ్రేముకూ మధ్య మారినదాన్నే పంపుతారు. హీరో గోడ ముందు నిలబడి అయిదు నిమిషాలు డైలాగు చెబితే గోడను మళ్లీ మళ్లీ పంపనక్కర్లేదు. ఫొటోల జేపెగ్‌లోనూ, డీవీడీలోనూ, యూట్యూబ్, ఓటీటీల్లో విరివిగా వాడే హెచ్.264 అనే వీడియో కుదింపు ప్రమాణంలోనూ ఉన్నది ఈ పద్ధతో, దాని వారసులో. అహ్మద్ కథను 2021లో ‘దిస్ ఈజ్ అస్’ అనే అమెరికన్ సీరియల్లో కథలో భాగంగా చూపించారు. ఆయన లెక్క లేకపోతే తెర మీదకే రాని సీరియల్ అది.

సినిమా అంత పలచటి బిళ్లలో పట్టింది కాబట్టే నెట్‌ఫ్లిక్స్ పుట్టింది. రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ కాలిఫోర్నియాలో ఒకే కారులో ఆఫీసుకెళుతూ ఇంటర్నెట్‌లో ఏం అమ్మితే బాగుంటుందని చర్చించుకునేవారు. కుక్కల తిండి, ఒక్కొక్కరికీ విడిగా తయారుచేసే షాంపూ, ఇలాంటివన్నీ అనుకుని వదిలేశారు. వీడియో కేసెట్లు అద్దెకిద్దామంటే బరువు, పోస్టు ఖర్చు తడిసి మోపెడవుతుంది. డీవీడీ వచ్చిందని విని, అది ఊళ్లో ఇంకా దొరక్కపోవడంతో ఒక పాటల సీడీ కొని, గ్రీటింగ్ కార్డు కవర్లో పెట్టి హేస్టింగ్స్ ఇంటికే పోస్టు చేశారు. మర్నాటికి పగలకుండా చేరింది. 1997 ఆగస్టులో కంపెనీ పెట్టారు, 1998 ఏప్రిల్ 14న దుకాణం తెరిచారు.

అద్దెకు తెచ్చిన ‘అపోలో 13’ ఆలస్యంగా ఇచ్చినందుకు హేస్టింగ్స్ 40 డాలర్ల జరిమానా కట్టాడనీ, ఆ మంటలోంచే నెట్‌ఫ్లిక్స్ పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందని వాడిన కథే తప్ప పుట్టుక అలా జరగలేదని రాండాల్ఫ్ తన పుస్తకంలో రాశాడు. మొదట్లో వాళ్లూ సినిమాకింత అనే అద్దె తీసుకున్నారు. జనం పెద్దగా రాలేదు. డిస్కులు గోడౌన్లో పేరుకుపోయాయి. వీటిని మన దగ్గర దాచేకంటే చూసేవాళ్ల ఇళ్లలోనే ఉంచితే పోలేదా అనే ఆలోచన అప్పుడొచ్చింది. 1999 సెప్టెంబరులో నెల చందా పెట్టారు. కొన్నాళ్లకే గడువు లేదు, జరిమానా లేదు, ఒకటి తిరిగిస్తే ఇంకొకటి పంపుతామన్నారు. డోలన్ కిటుకు మళ్లీ పనిచేసింది.

అందులోని మెలిక కూడా త్వరలోనే బయటపడింది. డిస్కు వచ్చిన రాత్రే చూసి మర్నాడే తిప్పి పంపే సినిమా పిచ్చోళ్ల వల్ల పోస్టు ఖర్చు పెరిగింది. ఎక్కువ వాడేవాళ్లకు కొత్త డిస్కులు కావాలనే ఆలస్యంగా పంపుతున్నారని 2004లో కాలిఫోర్నియాలో కేసు పడింది. 2005లో రాజీ కుదిరింది. ఎన్నయినా చూడొచ్చన్న మాటకు అర్థం ఏమిటో ఆ కేసు చెప్పకనే చెప్పింది.

2007 జనవరిలో ఇంటర్నెట్ ద్వారా చూడటం మొదలయ్యాక పోస్టు గొడవ మెల్లమెల్లగా తగ్గింది. అప్పట్లో కంప్యూటర్లో చూడగలిగినవి వెయ్యి సినిమాలే. తరవాత సాంకేతిక పని చకచకా సాగింది. సినిమాను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ వేర్వేరు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుతారు. మీ నెట్ బాగుంటే మంచి ముక్క, తగ్గితే మోటు ముక్క. బొమ్మ కాసేపు మసకబారి మళ్లీ తేటపడటం అందుకే. సినిమా ప్రతిసారీ అమెరికా నుంచి రాదు. మీ ఇంటర్నెట్ కంపెనీ గదిలోనో, దానికి దగ్గరి ఊళ్లోనో పెట్టిన పెట్టెల్లోకి ముందే చేరి ఉంటుంది.

డిస్కు కాలంలో ఎక్కువ చూసేవాడు భారం. ఇప్పుడు అస్సలు చూడనివాడే ప్రమాదం, ఎందుకంటే ఏదో ఒకరోజు గుర్తొచ్చి ఆపేస్తాడు. ఒక ఎపిసోడ్ అవగానే ఇంకొకటి దానంతటదే మొదలవడం వెనక ఉన్న భయం అదే. మరి ఆ రోజు ఎప్పటికీ రాని వాళ్లూ ఉన్నారు. 2020 మేలో నెట్‌ఫ్లిక్స్ స్వయంగా ఒప్పుకుంది: చేరినప్పటి నుంచి ఏడాది పాటో, చూడటం మానేసి రెండేళ్లకు పైగానో ఒక్కటీ చూడకుండా చందా కడుతున్న ఖాతాలు కొన్ని లక్షలున్నాయని, కావాలా వద్దా అని అడిగి జవాబు రాకపోతే ఆపేస్తామని. అది మంచి పనే. మొత్తం ఖాతాల్లో అవి అర శాతం కూడా కావు. అయితే ఏడాదిలో రెండు సినిమాలు మాత్రమే చూసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, మనలో చాలామంది అలా అరకొరగా చూసేవాళ్ల జాబితాలోనే ఉంటాం.

మన దగ్గరికి ఈ వ్యాపారం వరుసగా అయిదారేళ్లలో వచ్చి పడింది. వీసీపీని, టీవీని అద్దెకు తెచ్చి పెళ్లింట్లో రాత్రంతా మూడు సినిమాలు వేసుకున్న తరం మనది. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు ఇండియన్ గ్రోసరీ షాపులో పప్పులు, ఉప్పులతో పాటు తెలుగు సినిమా కేసెట్లు అద్దెకు తెచ్చుకునేవారు. అన్నీ సినిమాకింత అనే లెక్కే. 2015 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రపంచకప్‌కు ముందు, హాట్‌స్టార్ వచ్చింది. 2016 జనవరి 6న నెట్‌ఫ్లిక్స్ నెలకు 500 రూపాయలతో అడుగుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది, డిసెంబరులో ప్రైమ్ వీడియో దిగింది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, ఉగాది నాడు ‘ఆహా’ తెలుగులో మొదలైంది. ఏడాదికి 365 రూపాయలు, అంటే రోజుకో రూపాయి. హెచ్‌బీఓ మొదటి చందాదారుల సంఖ్య కూడా అంతే కావడం కాకతాళీయమే గానీ భలే ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో నాని ‘వి’ థియేటర్ ముఖం చూడకుండా నేరుగా ప్రైమ్‌లో విడుదలైంది.

ఒక్క యాప్‌తో పోయేదైతే ఈ వ్యాసం అక్కర్లేదు. హక్కులున్నవాడల్లా సొంత దుకాణం పెట్టడంతో సినిమాలు చెల్లాచెదురయ్యాయి. 2022 మేలో ‘ఆర్ఆర్ఆర్’ హిందీలో నెట్‌ఫ్లిక్స్‌లోకి, తెలుగులో జీ5లోకి వెళ్లింది. పైగా జీ5 తన చందాదారుల దగ్గరే ఈ సినిమాకి అదనంగా వసూలు చేయబోయి, తిట్లు తిన్నాక వెనక్కి తగ్గింది. ‘పుష్ప’ మొదటి భాగం ప్రైమ్‌లో, రెండోది నెట్‌ఫ్లిక్స్‌లో. బావుంది కదూ వరస! ప్రకటనలుండవనే మాట మీద పుట్టిన వ్యాపారం ప్రకటనలూ మొదలెట్టింది. 2025 జూన్ నుంచి మన ప్రైమ్ వీడియోలో ప్రకటనలొస్తున్నాయి, వద్దనుకుంటే ఏడాదికి అదనంగా 699 రూపాయలు కట్టాలన్నారు.

ఇక లెక్కలోకి దిగుదాం. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ధరలు తగ్గించాక స్టాండర్డ్ ప్లాను నెలకు 499, ఏడాదికి 5,988. ప్రైమ్ 1,499, ప్రకటనలు తీసేయడానికి 699. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు రెండు తెరల ప్లాను ఏడాదికి 899. 2025 నాటి ధరల్లో ఈ మూడే 9,085 రూపాయలు, అంటే నెలకు 757. బ్రాడ్‌బ్యాండ్ బిల్లు వేరే. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌కి నలుగురు వెళితే టికెట్లకే వెయ్యి దాటుతుంది, పాప్‌కార్న్ జోలికి నేను వెళ్లను. ఆ రకంగా చూస్తే నెలకు ఒక సినిమా చూసినా ఓటీటీ చవకే అనిపిస్తుంది. ఆ పోలికలో ఒక మోసం ఉంది. థియేటరుకు వెళ్లిన రోజునే మనం డబ్బు పెడతాం. ఇక్కడ వెళ్లని రోజులకూ పెడుతున్నాం. పైగా ఓటీటీ పెట్టుకున్నాక థియేటరు మానేసిన ఇళ్లు కొన్నే, రెండూ కట్టే ఇళ్లు చాలా.

చందాతో మనం కొంటున్నది నిజానికి తొందర. సినిమా ఓటీటీలోకి రావడానికి ఎనిమిది వారాలు ఆగాలని 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి మరీ చర్చించుకున్నారు. ‘పుష్ప 2’ ఆ ఎనిమిది వారాలూ ఆగింది. ‘గేమ్ ఛేంజర్’ నాలుగు వారాలకే వచ్చేసింది. థియేటరు మోజు తీరేదాకా ఆగగలిగినవాళ్లు ఇంకో రెండు నెలలు ఆగలేరా? ఆగితే, ఆ లోపు అదే యాప్‌లో ఇంకో నాలుగు పోగవుతాయి. అప్పుడు ఒక్క నెలకి కట్టి అన్నీ చూసి ఆపేయొచ్చు. ఏడాదికి ఒకటో రెండో సినిమాలు కావాలంటే యూట్యూబ్‌లోనో, ప్రైమ్‌లోనో సినిమాకింత అని అద్దెకూ దొరుకుతున్నాయి. ఆనాటి షికాగో డాలరు బేరం మళ్లీ అందుబాటులోకి వచ్చింది, వాడుకునేవాళ్లే తక్కువ.

కాబట్టి నా తీర్పు ఇది. మంచం దిగలేని పెద్దవాళ్లో, బళ్లో చేరని పిల్లలో, ఒక్క మ్యాచ్ వదలని క్రికెట్ మనిషో ఉన్న ఇంట్లో ఒక యాప్ ఏడాది పొడవునా ఉండటం న్యాయం, ఆ డబ్బు ఎక్కడికీ పోదు. నాలుగు యాప్‌లు పన్నెండు నెలలూ ఉంచడం మాత్రం దండగ. మొబైల్ రీచార్జ్‌తో ఉచితంగా వచ్చిన యాప్‌కే మళ్లీ విడిగా డబ్బు కట్టేవాళ్ల సంగతి సరేసరి. నెలకొకటి చొప్పున మార్చి మార్చి పెట్టుకోండి, ఏడాది ప్లాను ఎంత చవగ్గా కనపడినా తొందరపడకండి.

ఆపేయడం కష్టమేమీ కాదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట, కార్డు అయితే బ్యాంకు యాప్‌లో, ఏయే కంపెనీ మీ ఖాతాలోంచి దానంతటదే లాగుతోందో జాబితా ఉంటుంది. 2021 అక్టోబరు నుంచి అమలవుతున్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు లాగడానికి 24 గంటల ముందు మీకు కబురు రావాలి. ఆ మెసేజ్ చదవకుండా తుడిచేయకండి. తేలిగ్గా చేరనిచ్చి, వదిలివెళ్లడం మాత్రం కష్టం చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో మోసపు పద్ధతుల జాబితాలో చేర్చింది. ఎవరైనా అలా చేస్తే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. చూసినవి, సగంలో ఆపినవి పోతాయేమో అనే బెంగ కూడా అక్కర్లేదు: నెట్‌ఫ్లిక్స్ అయితే రద్దు చేశాక కూడా మీ ప్రొఫైల్‌ను కొన్ని నెలల పాటు దాచి ఉంచుతుంది.